సముద్రుడి కానుక: టియెపొలో గీసిన వెనిస్

చిత్రంలో ముందుగా కంటపడేది ఒక పెద్ద కొమ్ము. ఎండకు కమిలిన ఒళ్ళు, చెదిరిన జుట్టు, గుబురు గడ్డం ఉన్న ముసలి దేవుడొకడు దాన్ని పొదివి పట్టుకొని ముందుకు వంగాడు. కొమ్ములోంచి బంగారు నాణేలు, ముత్యాలు, పగడాలు జారి పడుతున్నాయి. ఆయన నెప్ట్యూన్, రోమన్ల సముద్రుడు. ఎదురుగా ఒకామె వెనక్కి వాలి హాయిగా పడుకుని ఉంది. తల మీద కిరీటం, ఒంటి మీద తెల్లటి బొచ్చు కట్టిన రాజవస్త్రం, చేతిలో రాజదండం. ఆమె చెయ్యి ఆనించుకున్నది దిండు మీద కాదు, సింహం తల మీద. ఆమె పేరు వెనిస్. మనిషి కాదు, ఊరు.

జాంబాటిస్టా టియెపొలో (1696–1770) 1740లు, 50ల ప్రాంతంలో కాన్వాస్ మీద నూనె రంగులతో గీసిన ఈ చిత్రాన్ని ‘వెనిస్‌కు కానుకలిస్తున్న నెప్ట్యూన్’ అంటారు. ఎత్తు 135 సెంటీమీటర్లు, వెడల్పు 275. సుమారు నాలుగున్నర అడుగుల ఎత్తు, తొమ్మిది అడుగుల వెడల్పు. ఏ భవనం కోసం గీశారో ఇప్పటికీ అక్కడే ఉంది. అది వెనిస్ గణతంత్రానికి అధినేత అయిన డోజ్ నివసించిన ప్యాలెస్. అందులో ‘నాలుగు తలుపుల గది’ అని ఒక పెద్ద గది ఉంది. ఆ గదిలో కిటికీల పైన ఉండే గోడ కోసం దీన్ని గీయించారు.

ఆ గోడ మీద అంతకుముందు 16వ శతాబ్దపు వెనిస్ చిత్రకారుడు టింటొరెట్టో వేసిన కుడ్యచిత్రం ఉండేది. తడి సున్నం మీద రంగులు వేసే ఫ్రెస్కో పద్ధతి అది. కాలమూ చెమ్మా కలిసి దాన్ని పాడుచేశాయి. చుట్టూ ఉప్పునీరే ఉన్న ఊళ్ళో గోడలు ఏడాది పొడుగునా తేమ పీల్చుకుంటూనే ఉంటాయి, ఫ్రెస్కోలు పెచ్చులూడిపోతాయి. అందుకే ఇటలీలో మిగతా చోట్ల కన్నా వెనిస్ చిత్రకారులు ముందుగా పెద్ద కాన్వాస్‌లకు మళ్ళారు. తెరచాపలు కుట్టే ఊరికి ఆ గుడ్డ కరువేం కాదు. సముద్రం కానుకలు ఇస్తోందని చెప్పే ఈ బొమ్మ అవసరమైందే, ఆ సముద్రపు తేమలో పాత బొమ్మ నిలవలేదు కాబట్టి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా చిత్రం చదవడం తేలిక.

నాలుగు తలుపుల గది ఎవరూ తీరిగ్గా కూర్చునే చోటు కాదు. సెనేట్, కొలీజియో లాంటి ముఖ్యమైన సభలు జరిగే గదులకు వెళ్ళాలంటే దాన్ని దాటుకుని వెళ్ళాలి. పైకప్పు మీద 1578 నుంచి టింటొరెట్టో వేసిన ఫ్రెస్కోలున్నాయి. పురాణ కథలతో పాటు వెనిస్ ఏలుబడిలో ఉన్న నగరాలు, ప్రాంతాలు కూడా అక్కడ మనుషుల రూపంలో కనిపిస్తాయి. గోడల మీద 1574లో ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీ వెనిస్‌కు వచ్చిన దృశ్యం, పర్షియా రాయబారులు డోజ్‌ను కలిసిన దృశ్యం ఉన్నాయి. ఎంత గొప్పవాళ్ళు ఇక్కడికి వచ్చారో లోపలికి అడుగుపెట్టినవాడికి చెప్పకుండానే తెలిసిపోతుంది. కాబట్టి టియెపొలో చిత్రం ముందుగా ఎవరి కళ్ళ కోసమో ఊహించడం కష్టం కాదు: ఊరి పెద్దలు, వాళ్ళతో పనిబడి వచ్చినవాళ్ళు. అలాంటి చోట వేలాడే బొమ్మ అలంకారం కోసం మాత్రమే కాదు. వెనిస్ దగ్గర ఎంత డబ్బుందో చెప్పడం కన్నా, ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని జనం అనుకోవాలో చెప్పడం మీదే ఈ చిత్రానికి శ్రద్ధ ఎక్కువ.

ముందు ఆమె ఒంటి మీది వస్తువులు చూద్దాం. ఆ తెల్ల బొచ్చు ఎర్మిన్ అనే చిన్న జంతువుది. యూరప్‌లో రాజులు, పెద్ద పెద్ద ప్రభువులు తొడుక్కునేది. వెనిస్‌లో డోజ్ భుజాల మీద అది కనిపించేది. సింహం సెయింట్ మార్క్‌ది. 828లో ఇద్దరు వ్యాపారులు అలెగ్జాండ్రియా నుంచి ఆ సాధువు అస్థికలను దొంగచాటుగా తెచ్చారని వెనిస్ వాళ్ళు తరతరాలుగా చెప్పుకున్నారు. ఊరి రక్షకుడు కూడా సరుకుతో పాటు ఓడలోనే దిగాడన్నమాట. కిరీటం సంగతి మాత్రం కాస్త ఆగి చూడాలి. వెనిస్‌కు రాజు లేడు, రాణి లేదు. వెయ్యేళ్ళు గణతంత్రంగా నడిచిన ఊరది. డోజ్‌ను ఎన్నుకునేవాళ్ళు, ఆయన చనిపోయేదాకా పదవిలో ఉండేవాడు. అయితే కాళ్ళూ చేతులూ కట్టేసినంత కట్టుబాట్లు. పరదేశాల నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఒంటరిగా విప్పి చదవడానికి లేదు, అనుమతి లేకుండా ఊరు దాటడానికి లేదు. పదవి కొడుక్కి ఇస్తానంటే కుదరదు. 1268 నుంచి ఎన్నిక పద్ధతిలో చీట్లు తీయడం, వడపోయడం, మళ్ళీ చీట్లు తీయడం, ఇలా ఎన్నో దశల్లో సాగేది. ఏ ఒక్క కుటుంబమూ ఊరిని జేబులో వేసుకోకూడదని ఇంత జాగ్రత్త పడ్డారు.

అలాంటి చోట సింహాసనం మీద ఎవరిని కూర్చోబెడతారు? ఫ్రాన్స్‌లో అయితే రాజునే సూర్యుడిలా గీస్తే సరిపోయింది. వెనిస్‌లో ఏ మనిషినీ అంత ఎత్తున పెట్టడానికి వీల్లేదు. కాబట్టి ఊరే స్త్రీ రూపం ఎత్తింది. రాజు లేని ఊరు తనకు తానే రాణి అయింది. ఇటలీలో చాలా నగరాలు తమను స్త్రీలుగా బొమ్మలు గీయించుకున్నాయి గానీ, ఇంత పట్టుగా, ఇన్ని శతాబ్దాల పాటు, ఇన్ని గదుల నిండా గీయించుకున్నది వెనిసే.

ఆ స్త్రీ కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. ఇదే ప్యాలెస్ బయటి గోడ మీద 14వ శతాబ్దపు చిన్న గుండ్రటి శిల్పం ఒకటుంది. అందులో వెనిస్ రెండు సింహాల మీద నిటారుగా కూర్చుని ఉంటుంది, చేతిలో కత్తి. నేను బలశాలిని, న్యాయమూర్తిని, సముద్రపు రౌద్రాన్ని కాలి కింద పెట్టుకున్నదాన్ని అని ఆమె పక్కన లాటిన్‌లో చెక్కి ఉంది. అక్కడ సముద్రం శత్రువు, ఓడిపోయి కాళ్ళ కింద పడింది. రెండు వందల ఏళ్ళ తర్వాత, 1550లలో, పావొలో వెరొనేసె ఇదే ప్యాలెస్‌లో పదిమంది సభ గది పైకప్పుకు ఒక నిలువు చిత్రం గీశాడు. అందులో దేవతల రాణి జూనో మబ్బుల్లోంచి వెనిస్ మీదికి నాణేలు, కిరీటం, డోజ్ టోపీ కుమ్మరిస్తుంది. కత్తి పోయింది, దోసిలి వచ్చింది. ఆ తర్వాత 1577లో ప్యాలెస్ తగలబడినప్పుడు మహాసభ మందిరాన్ని మళ్ళీ అలంకరించారు. ఆ పైకప్పు మీది పెద్ద అండాకారంలో వెరొనేసె గీసిన వెనిస్ మబ్బుల మీద కూర్చుని ఉంటే రెక్కల దేవత వచ్చి కిరీటం పెడుతుంది. కింద జనం, గుర్రాలు, బందీలు. తొమ్మిది మీటర్ల పొడవున్న ఆ చిత్రం కింద నిలబడి తల ఎత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. అందులో గెలుపు ఉంది, జనం ఉన్నారు, చప్పుడు ఉంది.

టియెపొలో దగ్గరికి వచ్చేసరికి ఆ జనమంతా పోయారు. యుద్ధం లేదు, బందీలు లేరు, ఓడల బారు లేదు. ఒక స్త్రీ, ఒక సింహం, ఒక దేవుడు, వెనక నీడలో ఉండీ లేనట్టు ఇంకో ఆకారం. ఆమె కూర్చోనైనా లేదు, పడుకుంది.

సముద్రంతో వెనిస్ బంధుత్వం పాత కథ. ఏటా క్రీస్తు స్వర్గారోహణ పండుగ రోజున డోజ్ బూచింతోరో అనే బంగారు పూత ఓడెక్కి, ఊరి చుట్టూ ఉన్న సరస్సు దాటి, సముద్రం మొదలయ్యే చోట నీళ్ళలోకి ఉంగరం విసిరేవాడు. శాశ్వతమైన, నిజమైన ఏలుబడికి గుర్తుగా నిన్ను పెళ్ళాడుతున్నాం అని సముద్రంతో అనేవాడు. ఆ తంతులో సముద్రం పెళ్ళికూతురు, వెనిస్ పెళ్ళికొడుకు. పుస్తె కట్టేవాడిది పైచెయ్యి. టియెపొలో చిత్రంలో వరసే మారిపోయింది. ఇప్పుడు ఊరు ఆడది, సముద్రం మగాడు, సారె తెచ్చినవాడు. ప్యాలెస్ పెద్ద మెట్ల పైన సాన్సొవినో చెక్కిన నెప్ట్యూన్ విగ్రహం 1567 నుంచి నిలబడే ఉంది. దానికి జోడుగా యుద్ధదేవుడు మార్స్. కొత్త డోజ్‌కు పట్టాభిషేకం చేసేది ఈ ఇద్దరి మధ్యే. అక్కడ సముద్రమూ యుద్ధమూ పక్కపక్కన ఉంటాయి. టియెపొలో మార్స్‌ను వదిలేసి నెప్ట్యూన్‌ను ఒక్కణ్ణే లోపలికి తీసుకొచ్చాడు. వదిలేసినదాన్ని బట్టి కూడా ఈ బొమ్మను చదవాలి.

ఇక ఆమె చెయ్యి. సింహం తల మీద ఆనుకున్నది కాదు, రెండోది. తెలుగువాళ్ళ ఇళ్ళలో లక్ష్మీదేవి పటంలో నాణేలు ఆమె అరచేతిలోంచి కిందికి రాలతాయి. ఆవిడ ఇచ్చే తల్లి. ఇక్కడ నాణేలు ఆమె మీదికి వస్తున్నాయి, ఆమె పుచ్చుకునే మనిషి. పుచ్చుకునేవాడి చెయ్యి కింద, ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుంది. వామనుడు చెయ్యి చాపినప్పుడు, అంతటి విష్ణువు చెయ్యి కింద, తన చెయ్యి పైన అని బలి పొంగిపోయింది అందుకే. మరి లోకం మొత్తానికి రాణినని చెప్పుకునే ఊరు ఒకరి ముందు చెయ్యి చాపితే బాగుంటుందా? టియెపొలోకి ఈ చిక్కు తెలుసు. అందుకే ఆమె అరచెయ్యి చాపలేదు. వేలు చూపిస్తోంది. పనివాడికి సామాను ఎక్కడ దించాలో చెప్పే ఇంటావిడ వేలులా ఉంటుంది అది. ఇచ్చేవాడు దేవుడైనా వంగాడు, పుచ్చుకునే ఆమె పడుకునే ఉంది. వెలుతురంతా ఆమె మీద పడింది, ఆయన ఎండకు నల్లబడిన ఒంటితో నీడవైపు ఉన్నాడు. కానుక అనే పేరుతో కప్పం చూపించాడు చిత్రకారుడు. ఈ చిత్రంలో అన్నిటికన్నా పదునైన పని ఆ ఒక్క వేలే.

సముద్రం ముత్యాలిస్తుంది, పగడాలిస్తుంది, ఉప్పు, చేపలు ఇస్తుంది. రత్నాకరుడనే పేరు ఊరికే రాలేదు. కానీ నాణేలు ఎక్కడిస్తుంది? నాణెం నీళ్ళలో పుట్టదు. ఎవరో గనిలో తవ్వాలి, కరిగించాలి, తూకం వేయాలి, అచ్చు కొట్టాలి. నెప్ట్యూన్ కొమ్ములో ముత్యాల పక్కన నాణేలు కూడా పోసినప్పుడు టియెపొలో, ఆయన చేత గీయించిన పెద్దలు, ఒక పెద్ద మాటను చడీచప్పుడు లేకుండా దాటేశారు.

వెనిస్ బంగారు నాణెం పేరు డ్యూకట్. 1284లో మొదలుపెట్టారు, మూడున్నర గ్రాములు, దాదాపు మేలిమి బంగారం. ఒక వైపు సెయింట్ మార్క్ నిలబడి జెండా కర్ర ఇస్తుంటాడు, డోజ్ మోకాళ్ళ మీద కూర్చుని అందుకుంటుంటాడు. అధినేతను మోకాళ్ళ మీద చూపించడమే ఆ ఊరి లెక్క. రెండో వైపు క్రీస్తు. 1797లో గణతంత్రం పోయేదాకా, ఐదు వందల ఏళ్ళకు పైగా, బరువూ మేలిమీ బొమ్మా దాదాపు మారలేదు. ఆ నమ్మకం వల్లే అది కైరో నుంచి కోజికోడ్ దాకా చెల్లింది. దక్షిణాదికి లెక్కలేనన్ని వచ్చాయి. జెండా కర్ర పట్టుకున్న డోజ్ తమిళుల కళ్ళకు తాటిచెట్టు ఎక్కేవాడిలా కనిపించాడు, అందుకే అక్కడ దాన్ని శానార్ కాసు అన్నారు. ఇదే నాణేన్ని తర్వాత జెక్కీనో అని పిలిచారు. జెక్కా అంటే టంకసాల. ఆ మాట అరబ్బీ ‘సిక్కా’ నుంచి ఇటలీకి వెళ్ళింది. సిక్కా రూపాయి అని మన పెద్దలు అన్నదీ అదే మాట. ఇంకా చిత్రం, ఈ రోజు పెళ్ళి జాకెట్ల మీద తళుక్కుమనే సీక్విన్స్‌కు ఆ పేరు వచ్చింది ఈ జెక్కీనో నుంచే. ఒక్క మాట అరబ్బుల టంకసాలలో బయల్దేరి, వెనిస్ చుట్టి, హైదరాబాద్ టైలర్ షాపుకి చేరింది. వ్యాపారం నడిచే తీరు అలాగే ఉంటుంది. ఎన్నో చేతులు మారితే గానీ ఏదీ ఒక చోటికి చేరదు.

ఆ టంకసాల డోజ్ ప్యాలెస్‌కు కూతవేటు దూరంలో, చిన్న మైదానానికి అవతలి వైపు, నీళ్ళకు ఎదురుగా ఉంది. 1536లో సాన్సొవినోయే కట్టడం మొదలుపెట్టాడు. మెట్ల మీద నెప్ట్యూన్‌ను చెక్కినవాడూ, నాణేలు కొట్టే భవనాన్ని కట్టినవాడూ ఒకడే. టియెపొలో బొమ్మలోని నాణేలు ఎక్కడ పుట్టాయో ఆ గదిలో నిలబడ్డ ప్రతి సెనేటర్‌కూ తెలుసు. బంగారం ఆఫ్రికా నుంచి, హంగేరీ గనుల నుంచి వచ్చేది. దాన్ని కొనడానికి డబ్బు మిరియాల మీద, పట్టు మీద, ఉప్పు మీద వచ్చేది. ఉప్పు వ్యాపారం మీద వెనిస్ గుత్తాధిపత్యం పెట్టుకుంది. పెద్ద వ్యాపార ఓడలను ప్రభుత్వమే ఆర్సెనాల్ అనే తన ఓడల కార్ఖానాలో కట్టించి, ప్రయాణానికి ఒకసారి వేలం వేసి, ఎక్కువ పాడినవాళ్ళకు అద్దెకిచ్చేది. కొలెగాంజా అనే ఒప్పందంలో ఒకడు డబ్బు పెట్టి ఇంట్లో ఉండేవాడు, ఇంకొకడు ప్రాణాలు పణంగా పెట్టి సముద్రం మీదికి వెళ్ళేవాడు. సాధారణంగా లాభంలో మూడొంతులు డబ్బు పెట్టినవాడికి, నాలుగో వంతు వెళ్ళినవాడికి. నల్లసముద్రం ఒడ్డు నుంచి మనుషులను బానిసలుగా కొని అమ్మిన లెక్కలు కూడా ఈ ఊరి ఖాతాల్లో ఉన్నాయి. 1204లో నాలుగో క్రూసేడ్ సైన్యం వెనిస్ ఓడల మీద వెళ్ళి, సాటి క్రైస్తవ నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకుంది. సెయింట్ మార్క్ చర్చి ముందు నిలబెట్టిన నాలుగు కంచు గుర్రాలు ఆ దోపిడీలోవే. తెడ్లు వేసినవాళ్ళు, తూకం వేసినవాళ్ళు, అమ్ముడైనవాళ్ళు, దోపిడీకి గురైనవాళ్ళు, ఇంతమంది చేతుల మీదుగా వచ్చిన డబ్బు చిత్రంలో ఒక్క దేవుడి కొమ్ములోంచి వచ్చేసింది.

ఈ సంగతి తెలుగు తీరానికి సంబంధం లేనిది కాదు. వెనిస్ వ్యాపారి మార్కో పోలో 13వ శతాబ్దం చివర్లో ఈ దారిన వెళ్తూ ‘ముట్ఫిలి’ అనే రాజ్యం గురించి చెప్పాడు. అది ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు పేరు. అక్కడి రాణిని ఎంతో మెచ్చుకున్నాడు, సాలెగూడులా సన్నగా నేసిన బట్టలను చూసి అబ్బురపడ్డాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అదే మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఇప్పటికీ ఉంది. తుఫానుకు ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, పాత రాజులు సముద్రం ఇచ్చిందంటూ ఏనుగులు, గుర్రాలు, రత్నాలతో సహా అంతా లాక్కునేవాళ్ళు. ఇకమీదట అలా జరగదు, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం, ప్రాణాలకు తెగించి సంపాదించిన సొమ్ము యజమానిదే అని ఆ శాసనం చెబుతుంది. సముద్రం ఒడ్డున పడేసిన వస్తువు కూడా సముద్రం ఇచ్చిన కానుక కాదని, దాని వెనక ఒక మనిషి కష్టం ఉందని రాతి మీద రాయించిన రాజు ఆయన. టియెపొలో చిత్రానికి ఇంతకన్నా సూటి జవాబు దొరకదు. అది చిత్రానికి ఐదు వందల ఏళ్ళ ముందే ఉంది.

చిత్రం గీసిన కాలం చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1498లో వాస్కో డ గామా కోజికోడ్ చేరాక మిరియాలకు వేరే దారి దొరికింది. వెనిస్ వెంటనే కూలిపోలేదు. చాలామంది అలా అనుకుంటారు గానీ, 16వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా దారిన మసాలాలు మళ్ళీ బాగానే వచ్చాయి. దెబ్బ మెల్లగా తగిలింది. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వచ్చి హిందూ మహాసముద్రపు వ్యాపారాన్ని ఆఫ్రికా చుట్టూ తిప్పేశాక కోలుకోవడం కష్టమైంది. ఈలోపు సైప్రస్ పోయింది, ఇరవై ఏళ్ళకు పైగా సాగిన యుద్ధం తర్వాత 1669లో క్రీట్ పోయింది. ఆ యుద్ధం ఖర్చుకు ప్రభుత్వం ప్రభువర్గంలో చోటును లక్ష డ్యూకట్లకు అమ్మింది. 1715లో గ్రీసు దక్షిణాన ఉన్న మోరియా కూడా చేజారింది. 1719లో ఆస్ట్రియా చక్రవర్తి ట్రియెస్తెను స్వేచ్ఛారేవుగా, అంటే సుంకాల బెడద లేని రేవుగా ప్రకటించాడు. పెళ్ళాడి ఏలుకుంటున్నానని వెనిస్ చెప్పుకున్న అదే ఏడ్రియాటిక్ సముద్రం మీద, పక్కనే ఇంకో రేవు పోటీకి లేచింది.

అలాగని వెనిస్ అప్పటికి పేద ఊరు కాదు. ఇటలీ నేల మీద దానికి పొలాలున్నాయి, నగరాలున్నాయి. కార్నివాల్, ఒపేరా చూడటానికి యూరప్ నలుమూలల నుంచి డబ్బున్న కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు. ప్రభువుల ఇళ్ళలో కొత్త చిత్రాలకు గిరాకీ తగ్గలేదు. టియెపొలో స్వయంగా 1746–47 ప్రాంతంలో లాబియా కుటుంబం మేడలో క్లియోపాత్రా విందును గోడ నిండా గీశాడు. లాబియాలు 17వ శతాబ్దంలో లక్ష డ్యూకట్లు కట్టి ప్రభువులైన వ్యాపారులే. పాత సొమ్ము ఉంది, వచ్చే ఆదాయమూ ఉంది, తగ్గింది సముద్రం మీది వాటా. సరిగ్గా ఆ వాటా గురించే ఈ బొమ్మ అంత నిబ్బరంగా మాట్లాడుతుంది. ధనం పోయిన ఇంట్లో గోడ మీద తాతగారి ఫోటో మరింత పెద్దదవుతుంది కదా, అలాంటి నిబ్బరం.

అదే సంవత్సరాల్లో వెనిస్ సముద్రం ఒడ్డున ఇంకో పని చేస్తోంది. వెనిస్ చుట్టూ ఉన్నది మన పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు. సముద్రానికీ దానికీ మధ్య సన్నటి ఇసుక దిబ్బలు అడ్డం. ఆ దిబ్బలు తెగితే ఊరు ఉండదు. అంతకుముందు కర్ర దుంగలు పాతి, రాళ్ళు నింపి కాపాడుకునేవాళ్ళు. కర్ర కుళ్ళిపోయేది, ప్రతి తుఫానుకూ మళ్ళీ పాతాలి. 1744లో మురాజ్జి అనే రాతి గోడలు కట్టడం మొదలుపెట్టారు. దీని రూపకర్త బెర్నార్దీనో జెంద్రీని అనే ఇంజనీర్. తెల్లటి ఇస్ట్రియా రాయి, నీళ్ళలోనూ గట్టిపడే అగ్నిపర్వత బూడిద కలిపిన సున్నం. పెల్లెస్ట్రీనా, సొట్టొమరీనా ఒడ్ల వెంట ఆ పని 1782 దాకా, దాదాపు నలభై ఏళ్ళు సాగింది. గోడ మీద లాటిన్‌లో ఒక ఫలకం పెట్టారు: రోమన్ల తెగువతో, వెనిస్ డబ్బుతో. ప్యాలెస్ లోపల బొమ్మలో సముద్రం ఊరి ఒడిలో డబ్బు పోస్తోంది. ప్యాలెస్ బయట ఊరు తన డబ్బును రాళ్ళుగా మార్చి సముద్రం ఒడ్డున పోస్తోంది. రెండిటికీ అనుమతి ఇచ్చింది ఒకే ప్రభుత్వం. ఈ రెండో పని గురించి ప్యాలెస్‌లో పెద్ద బొమ్మ లేదు, కానీ ఊరిని ఇప్పటిదాకా నిలబెట్టిన పనుల్లో అది ముందు వరసలో ఉంటుంది.

ఇదంతా చెప్పాక టియెపొలోని వదిలేయడం న్యాయం కాదు. ఆయన అబద్ధం చెప్పాడనడం సులువు. కానీ ఆ చెయ్యి చేసిన పని చూస్తే మనసు ఒప్పుకోదు. పెద్ద పైకప్పులను వేగంగా గీసి, వెలుతురుతో నింపడంలో ఆయనకు సాటి ఆ శతాబ్దంలో లేరు. 1750 నుంచి 1753 దాకా జర్మనీలోని వుర్జ్‌బుర్గ్ ప్యాలెస్‌లో పెద్ద మెట్ల పైకప్పు మీద నాలుగు ఖండాలనూ నలుగురు స్త్రీలుగా గీశాడు. ఖండాన్ని స్త్రీగా, నదిని ముసలివాడిగా గీయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఈ కాన్వాస్‌లో నెప్ట్యూన్ పైకప్పు దేవుళ్ళలా గాలిలో తేలడు. ఒంట్లో బరువుంది, నడుం వంగింది, మొహంలో ఎండా గాలీ తిన్న జాలరి పోలిక ఉంది. ఈ చిత్రంలో పని చేస్తున్నట్టు కనిపించే ఒంటరి మనిషి ఆయనే. తెడ్లు వేసినవాళ్ళను, మూటలు మోసినవాళ్ళను చిత్రకారుడు చూపించకపోయినా, వాళ్ళ ఒళ్ళు మాత్రం నెప్ట్యూన్‌కు ఇచ్చాడనిపిస్తుంది. ఆజ్ఞ ఇచ్చే వేలు ఎంత తెల్లగా, నాజూగ్గా ఉందో, కొమ్ము మోసే ఒళ్ళు అంత కష్టపడినట్టుంది. గీయించినవాళ్ళు కోరింది పొగడ్తే కావచ్చు. కుంచె ఇంకాస్త ఎక్కువే చెప్పింది.

ఆయన జీవితం కూడా అదే దారిలో నడిచింది. 1762లో స్పెయిన్ రాజు పిలిస్తే మాడ్రిడ్ వెళ్ళాడు. అక్కడి రాజభవనం పైకప్పు మీద ఇంకో సామ్రాజ్యం గొప్పతనం గీశాడు. వెనిస్ తిరిగి చూడకుండానే 1770 మార్చి 27న అక్కడే చనిపోయాడు.

1797 మే 12న వెనిస్ మహాసభ నెపోలియన్ బెదిరింపు కింద తనను తానే రద్దు చేసుకుంది. చివరి డోజ్ లుడొవీకో మనీన్. ఫ్రెంచివాళ్ళు కంచు గుర్రాలను పారిస్ తీసుకెళ్ళారు. వెరొనేసె గీసిన జూనో చిత్రం పైకప్పు నుంచి దిగి బ్రసెల్స్ చేరింది, 20వ శతాబ్దంలో గానీ తిరిగి రాలేదు. 1798 జనవరిలో బూచింతోరో ఓడ చెక్కడాలను వాటి మీది బంగారం కోసం తగలబెట్టారు. సముద్రంతో పెళ్ళి చేయించిన పల్లకీ అలా బూడిదైంది.

టియెపొలో కాన్వాస్ మిగిలింది. ఇప్పుడది కిటికీల పైన ఎత్తున లేదు. చూసేవాళ్ళకు దగ్గరగా ఉండాలని అదే గదిలో ఈజిల్ మీద పెట్టారు. ఒకప్పుడు తల ఎత్తి, కిటికీ వెలుతురు కళ్ళలో పడుతుంటే చూడాల్సిన ఆ వేలు ఇప్పుడు కళ్ళకు ఎదురుగా ఉంటుంది. దూరం నుంచి బంగారంలా మెరిసేది దగ్గరికి వెళ్తే చకచకా వేసిన రంగు. సింహం కళ్ళు మాత్రం దగ్గర నుంచి కూడా సింహం కళ్ళే.

మురాజ్జి గోడలు 1966 నవంబర్ 4న తెగాయి. ఆ రోజు పోటు 194 సెంటీమీటర్లకు లేచింది, ఊరు మునిగింది. 2019 నవంబర్ 12న మళ్ళీ 187 సెంటీమీటర్లు. సరస్సు మూడు ముఖద్వారాల్లో నీటి అడుగున 78 ఉక్కు గేట్లు అమర్చే మోసె పథకం వందల కోట్ల యూరోలు మింగి, ఏళ్ళ తరబడి ఆలస్యమైంది. 2020 అక్టోబర్ 3న ఆ గేట్లు మొదటిసారి నిజమైన పోటుకు ఎదురుగా పైకి లేచాయి. అవతల సముద్రం పెరుగుతూ పోయింది. ఇవతల సెయింట్ మార్క్ చర్చి ముందు జనం మామూలు చెప్పులతో నడిచారు.